దీర్ఘకాలపు ప్రేగువ్యాధి: ఎనిమిదవ యేటి పరీక్ష

ఈ దినమున నేను మీకు మనవి చేయదలచిన విషయము నలుగురిలో చెప్పుకొనుటకు సిగ్గుపడునట్టిది. పన్ను నొచ్చినచో చెప్పుకొందుము. కన్ను మసకబారినచో చెప్పుకొందుము. మలముతో నెత్తురు పడినచో మాత్రము ఇంటివారికి సైతము చెప్పము. ఈ మౌనము వలన కలుగు కీడు ఎంతటిదో మా యింటనే తెలిసికొంటిని. కావున వయస్సున మీతోటివాడనగు నేను ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

మా తమ్ముని కుమారుడు నర్సీపట్నమునకు సమీపమున మా గ్రామమందే వ్యవసాయము చేసికొనుచున్నాడు. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినది గదా. ఆ నెలలోనే వానికి మొదటిసారి రక్తముతోను జిగటతోను విరేచనములు పట్టుకొనినవి. అప్పటికి వానికి ఇరువదినాలుగేండ్లు. మొలలని ఒకరు, వేడి చేసినదని ఒకరు చెప్పగా రెండేండ్లు గడచిపోయినవి. 2016లో విశాఖపట్టణమున పరీక్ష చేయించగా పెద్దప్రేగు లోపలి పొర చాలమేర పుండ్లు పడియున్నదని తేలినది. మందులు వాడగా రెండేండ్లలో పిల్లవాడు కోలుకొనినాడు. పొలము పనులకు పోసాగినాడు. 2022లో వైద్యుడు, "వ్యాధి మొదలై ఎనిమిదేండ్లు నిండుచున్నవి, ఇక కేన్సరు తనిఖీ కొరకు గొట్టపు పరీక్ష చేయించుకొనవలయును" అని చీటి వ్రాసి యిచ్చినాడు. ఆ చీటి నాకు చూపినప్పుడు నేనేమంటిని? "సుఖముగా నున్నవానికి పరీక్షలేల? ఇది కొరవితో తల గోకికొనుట" అంటిని. ఇంటికి పెద్దవాడను, పైగా పంతులను. నా మాట వాడు కాదనలేదు. తరువాత జరిగినది చివర చెప్పెదను. ముందు ఈ వ్యాధి యెట్టిదో, ఆ వైద్యుడు ఎనిమిదేండ్ల లెక్క యేల చెప్పినాడో విన్నవించెదను.

మన ఆయుర్వేదమున ఉదరవ్యాధులకు కొదువ లేదు. మాధవనిదానమున జ్వరము తరువాత వరుసగా అతిసారము, గ్రహణి, అర్శస్సులు వివరింపబడినవి. అర్శస్సులనగా మనము మొలలందుము. నేటి వైద్యులు వీనినుండి వేరుపరచి చెప్పు దీర్ఘకాలపు ప్రేగువ్యాధులు ముఖ్యముగా రెండు. మొదటిది అల్సరేటివ్ కొలైటిస్. ఇది పెద్దప్రేగు లోపలి పొరను మాత్రమే పుండు పరచును. క్రిందినుండి మొదలై పైకి ప్రాకును. రెండవది క్రోన్స్ వ్యాధి. ఇది నోటినుండి మలద్వారము వరకు ఎచ్చటనైనను రావచ్చును. ప్రేగుగోడ మందమంతయు వాచునట్లు చేయును. మొదటిదానికి 1859లో లండనునందు శామ్యూల్ విల్క్స్ అను వైద్యుడు ఆ పేరు పెట్టినాడు. రెండవదానిని 1932లో న్యూయార్కునందు క్రోన్, గింజ్‌బర్గ్, ఒప్పెన్‌హైమర్ అను మువ్వురు వర్ణించినారు. ఈ రెంటికిని కలిపి చీటీలపై ఐ.బి.డి. అని వ్రాయుదురు.

ఇచ్చట ఒక అక్షరభేదమును గమనింపవలయును. ఐ.బి.ఎస్. అను మరియొక బాధ కలదు. అందు కడుపునొప్పి, విరేచనము, మలబద్ధము కలుగునేగాని ప్రేగు పుండు పడదు. దానివలన కేన్సరు భయము పెరుగదు. ఐ.బి.డి. అట్టిది కాదు. ఒక్క అక్షరము మారినచో అర్థమంతయు మారును. కనుక మీ యింటివారి చీటీపై ఉన్నది 'డి' యో 'ఎస్' యో వైద్యుని స్పష్టముగా అడిగి తెలిసికొనుడు. మరియు మన దేశమున ప్రేగులకు వచ్చు క్షయయు, అమీబా విరేచనములును ఈ వ్యాధులను పోలియుండును. కావున లక్షణములు విని పేరు పెట్టరాదు. లోపల చూచి, ముక్క తీసి పరీక్షించి నిర్ణయింపవలయును. ఇది దొరల దేశముల జబ్బనియు, మనకు రాదనియు అనుకొనుట పొరపాటు. పంజాబునందు లుధియానా ప్రాంతమున జనులను పరీక్షించి 2003లో ప్రకటించిన లెక్క ప్రకారము లక్షమందిలో ఇంచుమించు 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ కలదు. ఇది యువకులకును నడివయస్సు వారికిని హెచ్చుగా వచ్చును. అనగా మన వయస్సువారికంటె మన కొడుకులకు, కోడండ్రకు, మనుమలకు వచ్చుట యెక్కువ.

ప్రేగువ్యాధితో మన తెలుగువారికి గల మరియొక సంబంధమును ఇచ్చట చెప్పదగును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తమ సోదరులను ఇద్దరిని సంగ్రహణి వ్యాధివలన పోగొట్టుకొనిరి; తామును దానితో బాధపడిరి. ఆ సంగ్రహణి నేను చెప్పుచున్న ఐ.బి.డి. కాదు; వేరు వ్యాధి. ఐనను, ఆ దుఃఖమును విధివ్రాతయని విడిచిపెట్టక ఆయన అమెరికా వెళ్లి పరిశోధించిరి. ఆయన నడపిన లెడర్లే ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. ఆ పరిశోధనల వెంబడి వచ్చిన మెథోట్రెక్సేటు అను మందును నేడు కేన్సరు చికిత్సయందును, క్రోన్స్ వ్యాధియందును వాడుచున్నారు. 1948లో ఆయన గతించిరి. నొప్పి తగ్గినంతనే ఊరకుండక, వ్యాధి మూలమును వెదకవలెనన్నదే ఆయన జీవితము మనకు నేర్పు పాఠము. నేడు నేను చెప్పుచున్నదియు అదియే.

ఇక ఈ వ్యాధినుండి కేన్సరు ఎట్లు పుట్టును? కేన్సరును మన పెద్దలు రాచపుండనిరి. మన ప్రేగు లోపలి పొర కొలది దినములకొకమారు పాతది రాలి క్రొత్తది పుట్టుచుండును. దీనిని తాళపత్రగ్రంథమునకు ప్రతి వ్రాయుటతో పోల్చవచ్చును. నెమ్మదిగా, వెలుతురున కూర్చుండి వ్రాయు లేఖకునికి తప్పులు తక్కువ. ఎడతెగక, తొందరలో, పొగ నిండిన గదిలో వ్రాయువానికి తప్పులు హెచ్చు. పుండు పడి మానుచు, మరల పడుచు నుండు ప్రేగునందు క్రొత్త కణములు తొందర తొందరగా పుట్టవలసివచ్చును. వాపువలన పుట్టు విషపదార్థములు ఆ కణములలోని మూలపాఠమునే చెరచును. ఒక ప్రతిలోని తప్పు తరువాతి ప్రతిలోనికిని ఎక్కును. దానిపై మరియొక తప్పు చేరును. ఇట్లు సంవత్సరముల తరబడి పాఠము చెడి, కట్టకడపట కణములు కట్టుబాటు లేక పెరుగుటయే కేన్సరు. పాఠము కొంత చెడి యింకను కేన్సరు కాని నడిమి స్థితిని వైద్యులు డిస్‌ప్లేసియా అందురు. తప్పును ఆ దశయందు పట్టుకొని దిద్దుటయే తనిఖీ యొక్క ప్రయోజనము.

ఈ సంబంధము క్రొత్తగా తెలిసినది కాదు. కొలైటిస్ ఉన్న రోగికి కేన్సరు వచ్చుటను 1925లోనే క్రోన్, రోసెన్‌బర్గ్ అను వైద్యులు ప్రకటించినారు. 1967లో లండనునందలి సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన బేసిల్ మోర్సన్, పాంగ్ అనువారు, ప్రేగునుండి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శినితో చూచినచో కేన్సరుకు ముందటి మార్పులు కనబడునని చూపినారు. అటుపిమ్మట ప్రేగంతయు చూడగల గొట్టములు వాడుకలోనికి వచ్చుటతో ఈ తనిఖీ సాధ్యమైనది.

అపాయమెంత? భయపెట్టుట నా యుద్దేశము కాదు గనుక లెక్క చెప్పెదను. 2001లో బ్రిటను వైద్యులు 116 పరిశోధనలను ఒకచోట చేర్చి చూడగా, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న నూరుగురిలో పదేండ్లకు ఇద్దరికిని, ఇరువదేండ్లకు ఎనమండుగురికిని, ముప్పదేండ్లకు పదునెనమండుగురికిని పెద్దప్రేగు కేన్సరు వచ్చినట్లు తేలినది. మంచి మందులును, తనిఖీలును వచ్చిన తరువాత జరిగిన పరిశోధనలలో ఈ సంఖ్య చాల తగ్గినది. అనగా ఈ వ్యాధిగలవారిలో అధికులకు కేన్సరు రానే రాదు. ఐనను కాలము గడచినకొలది అపాయము పెరుగునన్న మాట సత్యము. ప్రేగు ఎంతమేర పుండుపడినదో, వాపు ఎంత తీవ్రముగా నున్నదో, దానినిబట్టియు పెరుగును.

పరీక్ష యెట్లుండును? దీని పేరు కొలనోస్కోపీ. వ్రేలి లావు మాత్రముండి వంగునట్టి గొట్టము కొనయందు దీపమును, చిన్న కెమెరాయును ఉండును. దానిని మలద్వారమునుండి లోనికి పంపి అయిదడుగుల పెద్దప్రేగునంతయు తెరపై చూతురు. సామాన్యముగా వచ్చు ప్రేగు కేన్సరు మొదట పిలకవలె ఉబికియుండును, తేలికగా కంటబడును. కొలైటిస్ వారియందు మాత్రము చెడినచోటు ఒక్కొక్కప్పుడు చాపవలె చదునుగా నుండును. అందువలన నీలిరంగు ద్రవమును చల్లి చూతురు. మన పూర్వులు బట్టలకు వాడిన నీలిమందు జాతికి చెందిన ఇండిగో కార్మైన్ అట్టి రంగులలో నొకటి. రంగు పల్లములలో నిలిచి ఎగుడుదిగుడులను ఎత్తి చూపును. అనుమానమున్నచోటనెల్ల బియ్యపుగింజంత ముక్కను తీసి పరీక్షకు పంపుదురు. రంగు చల్లు వసతి లేనిచోట ప్రేగు పొడవున వరుసగా అనేక ముక్కలు తీయుదురు. ముక్క తీయునపుడు నొప్పి తెలియదు.

ఎప్పుడు చేయించవలెను? ఇదియే ముఖ్యమైన మాట. వ్యాధిలక్షణములు మొదట కనబడిన నాటినుండి ఎనిమిదేండ్లు నిండగనే మొదటి తనిఖీ జరుగవలయును. వైద్యుడు పేరు పెట్టిన నాటినుండి కాదు, మొదటి నెత్తురు కనబడిన నాటినుండి లెక్క. మనలో అనేకులకు సంవత్సరము జ్ఞాపకముండదు. కాని హుద్‌హుద్ ముందో తరువాతనో, పెద్దపిల్ల పెండ్లి యేటనో, కరోనా నాడో అని జ్ఞాపకముండును. ఆ గురుతులతోనే లెక్క వేయుడు. హుద్‌హుద్ నాడు మొదలైన వ్యాధికి 2022 అక్టోబరుతో ఎనిమిదేండ్లు నిండినవి. అప్పటినుండి చూపించుకొననివాడు ఇప్పటికే ఆలస్యము చేసినవాడు.

తరువాతి తనిఖీలు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా నుండును. అపాయము హెచ్చుగా నున్నవారికి ప్రతి సంవత్సరము, నడిమి వారికి మూడేండ్లకు, తక్కువవారికి అయిదేండ్లకు ఒకమారని బ్రిటను వైద్యులు 2010లో నియమించినారు; ఇతర దేశములవారు కొలది భేదములతో ఇట్లే చెప్పుచున్నారు. పైత్యనాళములు గట్టిపడి కుంచించుకొనిపోవు ప్రైమరీ స్క్లెరోసింగ్ కొలాంజైటిస్ అను కాలేయవ్యాధియు కూడ నున్నవారు ఎనిమిదేండ్లు ఆగరాదు. అది తెలిసిననాడే మొదలిడి ఏటేట చూపించుకొనవలయును. తల్లిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని ఏబదియేండ్ల లోపున ప్రేగు కేన్సరు వచ్చియున్నచో ఆ మాట వైద్యునికి తప్పక చెప్పవలయును. క్రోన్స్ వ్యాధి పెద్దప్రేగులో మూడవవంతునకు మించి పట్టినవారికిని ఇదే నియమము. వ్యాధి చివరి భాగమగు పురీషనాళమున మాత్రమే యున్నవారు, అది పైకి ప్రాకలేదని ఒకమారు నిశ్చయించుకొనినచో, వారికి ఈ ప్రత్యేకపు తనిఖీలు సామాన్యముగా అక్కరలేదు.

"ఒంట్లో బాగున్నప్పుడేల?" అని నేనడిగిన ప్రశ్ననే మీరును అడుగుదురు. దీనికి రెండు సమాధానములు. ప్రేగు పుండుపడి వాచియున్నప్పుడు కణములు ఎట్లును వికారముగానే కనబడును. వాపు వలని వికారమేదో, కేన్సరుకు దారితీయు వికారమేదో తెలిసికొనుట సూక్ష్మదర్శిని చూచువారికే కష్టము. వరద తగ్గిన పిమ్మటగదా ఏటిగట్టునకు గండి ఎచ్చట పడినదో తెలియును. కనుక వ్యాధి శాంతించియున్న కాలమే తనిఖీకి తగిన కాలము. రెండవది, డిస్‌ప్లేసియా నొప్పి కలిగింపదు, నెత్తురు కారింపదు. బాధ తెలియునప్పటికి తప్పు దిద్దు దశ దాటిపోయి యుండవచ్చును. అట్లని వ్యాధి తిరుగబెట్టినదని సాకు చెప్పి తనిఖీని ఏండ్ల తరబడి వాయిదా వేయరాదు. ముందు మందులతో శాంతింపజేసి, వెంటనే చేయించవలయును.

మందుల విషయమున ఒక మాట. బాగైనదని మెసాలమైన్ మొదలగు మాత్రలను తమంతట మానివేయుట మన గ్రామములయందు సామాన్యము. వాపును అణచియుంచుటయే కేన్సరు అపాయమును తగ్గించు ఉపాయము. మాన్పవలసినవాడు వైద్యుడే.

కొందరు, మలమును పంపి నెత్తురు పరీక్ష చేయించిన చాలదా యని యడుగుదురు. చాలదు. ఈ వ్యాధియే నెత్తురు కార్చునది గనుక ఆ పరీక్ష కేన్సరు సంగతి తేల్చజాలదు. మరికొందరు, ఇంటింటికి వచ్చు ఆరోగ్యకార్యకర్తలు కేన్సరు పరీక్షలు చేయుచున్నారు గదా యందురు. వారు చూచునది నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము. ప్రేగు ఆ జాబితాలో లేదు. కావున అడుగవలసినవారు మనమే.

పరీక్షకు ముందటి దినములలో ఆకుకూరలు, గింజలు, పీచుగల పదార్థములు మానవలెను. ముందటి దినమున పలుచని ఆహారము తీసికొని, వైద్యులిచ్చు పొడిని నీటిలో కలిపి, వారు చెప్పిన కొలతగా త్రాగవలెను. అప్పుడు విరేచనములై ప్రేగు శుభ్రపడును. నిజము చెప్పవలెనన్న అందరును విసుగుకొనునది ఈ భాగమే, గొట్టము కాదు. ఐనను ప్రేగు శుభ్రముగా లేనిచో పరీక్ష వ్యర్థము. మధుమేహపు మందులుగాని, రక్తము పలుచబరచు మందులుగాని వాడువారు ముందే చెప్పవలెను. మత్తునిచ్చి చేయుదురు గనుక తోడొకరుండవలయును; ఆ దినమున బండి నడపరాదు. ప్రేగునకు చిల్లి పడుట, నెత్తురు కారుట వంటి ప్రమాదములు లేకపోలేదు. కాని అవి మిక్కిలి అరుదు. ఆ సంగతియు వైద్యుని అడిగి తెలిసికొనుడు.

ఎచ్చటికి పోవలెను? మన నర్సీపట్నము ఏరియా ఆసుపత్రియందు మొదట చూపించి, విశాఖపట్టణమున 1923లో వెలసిన కింగ్ జార్జి ఆసుపత్రిలోని జీర్ణకోశ విభాగమునకు చీటి తీసికొనవచ్చును. కేన్సరని తేలినచో చికిత్సకు అగనంపూడి యందు హోమీ భాభా కేన్సరు ఆసుపత్రి కలదు. విశాఖపట్టణముననే 1956లో జన్మించిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు హైదరాబాదున జీర్ణకోశ వైద్యసంస్థను నెలకొల్పి, ఈ గొట్టపు వైద్యమున ప్రపంచఖ్యాతి గాంచి, 2025లో పద్మవిభూషణులైరి. కనుక విద్య మనకు దూరమున లేదు. ఖర్చు విషయము ఆసుపత్రులలోని ఆరోగ్యమిత్రలను ముందుగనే అడిగి, ప్రభుత్వ పథకము క్రింద ఏది దొరకునో తెలిసికొనుడు. పాత చీటీలు, పూర్వపు పరీక్షల కాగితములు ఒక సంచిలో భద్రపరచి తీసికొనిపొండు. వ్యాధి మొదలైన సంవత్సరమును పై కాగితముపై వ్రాసి యుంచుడు.

ఇక మా పిల్లవాని సంగతి. నా మాట విని రెండేండ్లు ఊరకున్నాడు. 2024లో వాని భార్య, మామగారినిగాని నన్నుగాని అడుగక, తానే ఆసుపత్రికి కబురుచేసి దినము నిర్ణయించినది. నేను లోలోపల నొచ్చుకొంటిని. ఐనను తోడు పోయితిని. నీలిరంగు చల్లి చూడగా ఎడమవైపు ప్రేగులో రూపాయి బిళ్ళకంటె చిన్నదగు చదునైన మచ్చ యొకటి కనబడినది. దానిని గొట్టముతోనే అంచులతో సహా తీసివేసి పరీక్షకు పంపిరి. పది దినములకు ఫలితము వచ్చినది: డిస్‌ప్లేసియా, కేన్సరు కాదు. "ఇంకను ఆలస్యము చేసియున్నచో ప్రేగునంతయు తీసివేయవలసి వచ్చెడిదేమో" అని వైద్యుడు నెమ్మదిగా అన్నాడు. అట్టి శస్త్రచికిత్స చేయించుకొని సుఖముగా బ్రతుకువారు ఎందరో యున్నారు. అదియు భయపడవలసినది కాదు. కాని నా మాటవలన మా పిల్లవానికి అది అవసరపడి యుండెడిదన్న తలంపు ఆ రాత్రి నన్ను నిద్రపోనీయలేదు. ఇప్పుడు వాడు ఏటేట పోయి వచ్చుచున్నాడు. తేదీని ఇంటి గోడమీది పంచాంగముపై గుర్తుపెట్టువాడను నేనే.

మహాశయులారా, మన గ్రామములయందు ఎవరు ఆసుపత్రికి పోవలెనో, ఎప్పుడు పోవలెనో నిర్ణయించునది తరచుగ మన మాటయే. చెప్పుటకు సిగ్గుపడు కోడలికి, కూలి పోవునని వెనుదీయు కొడుకునకు మనము ధైర్యము చెప్పినచో వారు పోవుదురు. మనము పెదవి విరిచినచో ఆగిపోవుదురు. కావున ఈ రాత్రి భోజనమైన పిమ్మట ఇంట ఒక ప్రశ్న అడుగుడు: "మనలో ఎవరికైన ఏండ్ల తరబడి రక్తవిరేచనముల జబ్బు కలదా? అది ఏ యేట మొదలైనది?" ఆ సంవత్సరమునకు ఎనిమిది కలుపుడు. ఆ కాలము దాటియున్నచో, చీటి వ్రాయించుకొని మీరే తోడుగా బయలుదేరుడు.

సర్వే జనులును ఆరోగ్యవంతులై యుండుదురు గాక. సెలవు.